అనుభవం ఉందా, సిస్టర్?

చేతిలో నర్సింగ్ పట్టా ఉన్నా సూరత్ తెలుగు బస్తీల అమ్మాయిలకు తొలి ఉద్యోగం దగ్గరే చుక్కెదురవుతోంది. గుజరాత్‌లో భాష, తెలంగాణలో స్థానికత, ఎక్కడికెళ్లినా అనుభవం. మొదటి మెట్టు ఎక్కడమే అసలు పరీక్ష.

"అనుభవ్ కేట్లో ఛే?" సూరత్‌లో ఏ ప్రైవేటు ఆసుపత్రి గుమ్మం తొక్కినా కొత్త నర్సుకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. అనుభవం ఎంత అని. నిన్నగాక మొన్న పరీక్షలు పాసైన అమ్మాయి దగ్గర దీనికి జవాబుండదు. అనుభవం ఉంటేనే ఉద్యోగం ఇస్తామంటారు. ఉద్యోగం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది! పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదన్న సామెత నర్సింగ్ పట్టభద్రులకు అతికినట్టు సరిపోతుంది.

లింబాయత్, ఉధనా, గోడాదరా, డిండోలీ ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న మరీ గట్టిగా తగులుతుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితమే భివండి, షోలాపూర్‌లతోపాటు సూరత్‌కూ వలసవచ్చిన నేత కుటుంబాలివి. నేటికీ చెన్నై-అహ్మదాబాద్ నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌ను, సూరత్‌ను ఒకే పట్టాల మీద కలుపుతోంది. మరమగ్గాల కార్ఖానాలో తండ్రికి 12 గంటల షిఫ్టు. ఎన్ని మీటర్లు నేస్తే అంత కూలి. అలాంటి ఇంట్లో కూతురు నర్సింగ్ చదివిందంటే ఆ ఫీజు వెనుక అప్పో, తల్లి మెడలోని బంగారమో ఉంటుంది. అందుకే తొలి జీతం ఆమె ఒక్కదాని వ్యవహారం కాదు.

లెక్కకు రాని కష్టం

నిజానికి నర్సింగ్ విద్యార్థికి అనుభవం లేదనడమే విడ్డూరం. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లోనైనా, మూడేళ్ల జీఎన్‌ఎంలోనైనా చదువులో పెద్ద భాగం వార్డుల్లోనే గడుస్తుంది. భారత నర్సింగ్ మండలి 2021లో తెచ్చిన కొత్త బీఎస్సీ పాఠ్యప్రణాళికలో చివరి సెమిస్టర్‌లో 22 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. వారానికి 48 గంటల చొప్పున లెక్కేస్తే 1,056 గంటలు. ఇంజెక్షన్లు, సలైన్లు, డ్రెస్సింగులు, కాన్పులు, రాత్రి డ్యూటీలు అన్నీ అప్పటికే చూసేస్తారు. అయినా దరఖాస్తులో "అనుభవం" గడి దగ్గరికొచ్చేసరికి సున్నాయే. అర్హత వచ్చాక చేసిన పనే అనుభవమన్నది నియామకాల్లో పాతుకుపోయిన సూత్రం.

ఆసుపత్రుల వాదన ఆసుపత్రులకుంది. కాలేజీలో చేసినదంతా ట్యూటర్ పర్యవేక్షణలో చేసినదే. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న రోగిని ఒంటరిగా అప్పగించాలంటే కొన్ని నెలల తర్ఫీదు కావాలి. ఆ నెలల్లో ఒక సీనియర్ నర్సు సమయం దానికే పోతుంది. తీరా చేయి తిరిగాక ఆ అమ్మాయి గల్ఫ్‌కో, ప్రభుత్వ ఉద్యోగానికో వెళ్లిపోతుంది. శిక్షణ ఖర్చు తమది, ఫలితం మరొకరిది ఎందుకు కావాలన్నది యాజమాన్యాల లెక్క. కాబట్టి ప్రతి ఆసుపత్రీ పక్క ఆసుపత్రి తయారుచేసిన నర్సు కోసమే చూస్తుంది. అందరూ అలాగే చూస్తే తయారుచేసేదెవరు?

ఈ విషయంలో ప్రభుత్వమే ఒకసారి దారి చూపింది. కోవిడ్ రెండో విడత ఉధృతంగా ఉన్న 2021 మే నెలలో, బీఎస్సీ, జీఎన్‌ఎం పాసైనవారిని సీనియర్ల పర్యవేక్షణలో పూర్తిస్థాయి కోవిడ్ డ్యూటీలకు తీసుకోవాలని కేంద్రం నిర్ణయించింది. 100 రోజులు పనిచేసినవారికి ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తామంది. అప్పుడెవరూ అనుభవం ఎంతని అడగలేదు. ఆపద ముంచుకొచ్చినప్పుడు పనికొచ్చిన చేతులు మామూలు రోజుల్లో పనికిరాకుండా ఎలా పోతాయి? 1994 ప్లేగు సమయంలో లక్షలాది మంది ఊరొదిలి పారిపోగా, ప్రైవేటు వైద్యులు కూడా చాలామంది తలుపులు మూసుకోగా, ఆసుపత్రి సిబ్బంది విలువేమిటో సూరత్ కళ్లారా చూసింది.

మంచాల లెక్కలో మతలబు

సూరత్‌లో ఆసుపత్రులకు కొదవలేదు. మజూరా గేట్ దగ్గర ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రి, ఉమర్‌వాడాలో నగరపాలక సంస్థ నడిపే స్మీమేర్, 2017లో ప్రారంభమైన కిరణ్ ఆసుపత్రి వంటి ట్రస్టు సంస్థలు పెద్దవి. వాటి చుట్టూ గల్లీ గల్లీకీ పది, పదిహేను మంచాల నర్సింగ్ హోములు. కొత్తవారికి తేలిగ్గా తలుపు తెరిచేవి ఈ చిన్నవే. చిక్కంతా అక్కడే ఉంది.

చిన్న నర్సింగ్ హోముల్లో చాలాచోట్ల పట్టా ఉన్న నర్సుకు పోటీ మరో పట్టా ఉన్న నర్సు కాదు. పదో తరగతో, పన్నెండో చదివి, అక్కడే చూసి నేర్చుకుని "సిస్టర్"గా చలామణి అయ్యేవారు. వారికి తక్కువ జీతమిస్తే చాలు. కాబట్టి పట్టా ఉన్న అమ్మాయికీ అదే రేటు చెబుతారు. ఆమె కాదంటే మరొకరు సిద్ధం. క్లినికల్ సంస్థల నమోదు, నియంత్రణ కోసం గుజరాత్ 2021లో చట్టం చేసింది. దాని అమలు ఎంత గట్టిగా ఉంటే అర్హత ఉన్న నర్సుకు గిరాకీ అంత పెరుగుతుంది.

అంతకన్నా పెద్ద మతలబు మరొకటుంది. దేశంలోని ఎయిమ్స్ సంస్థల నియామకాలకు 2020 నుంచి నార్‌సెట్ అనే ఉమ్మడి పరీక్ష జరుగుతోంది. బీఎస్సీ నర్సింగ్ చదివి, కౌన్సిల్‌లో నమోదైనవారు అనుభవం లేకుండానే దీన్ని రాయొచ్చు. జీఎన్‌ఎం చదివినవారికి మాత్రం కనీసం 50 మంచాల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం తప్పనిసరి. అంటే పదిహేను మంచాల నర్సింగ్ హోములో రెండేళ్లు రాత్రింబవళ్లు కష్టపడ్డ జీఎన్‌ఎం అమ్మాయికి ఆ రెండేళ్లూ ఈ పరీక్ష లెక్కలో లేనట్టే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్‌కు ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది. తొలి ఉద్యోగానికి ఎక్కడ చేరామన్నది ఆ నెల జీతాన్ని మాత్రమే కాదు, ఆ తర్వాతి పదేళ్లనూ నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇటు భాష, అటు స్థానికత

ప్రైవేటులో ఇంత తంటా ఎందుకు, ప్రభుత్వ ఉద్యోగానికే ప్రయత్నిస్తే సరిపోదా అనుకోవచ్చు. సూరత్ తెలుగు అమ్మాయికి అక్కడ మరో తిరకాసు. గుజరాత్ ఆరోగ్య శాఖ 2024లో 1,903 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఐదేళ్లపాటు నెలకు 40,800 రూపాయల స్థిర వేతనం. పరీక్షలో నర్సింగ్ పేపర్‌తోపాటు గుజరాతీ భాషా పేపర్ కూడా ఉంది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. వలస కార్మికుల పిల్లలకు అది వరమే. అయితే బడిలో తెలుగు, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కాలేజీలో ఇంగ్లిష్‌తో పెరిగిన అమ్మాయికి గుజరాతీ వ్యాకరణం కొరకరాని కొయ్యే. అన్ని పాఠశాలల్లోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు గుజరాతీ బోధన తప్పనిసరి చేస్తూ రాష్ట్రం చట్టం చేసింది 2023లోనే. అంతకుముందే బడి దాటినవారికి ఆ మేలు దక్కలేదు.

సరే, సొంత రాష్ట్రానికి వెళ్దామంటే అక్కడ ఆమె పరాయిది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో స్థానికతకు కొలమానం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే. 95 శాతం పోస్టులు స్థానికులకే. సూరత్‌లో తెలుగు మాధ్యమంలో చదివినా, తాత ఊరు సిరిసిల్లే అయినా, ఆమె స్థానికేతరురాలే. మిగిలిన ఐదు శాతంలో అందరితో పోటీ పడాలి.

అక్కడా అనుభవం వెంటాడుతుంది. తెలంగాణ వైద్య, ఆరోగ్య సేవల నియామక మండలి 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఇచ్చిన ప్రకటనలో రాతపరీక్షకు 80 మార్కులే. మిగతా 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేసినవారికి. ఏళ్ల తరబడి అరకొర జీతానికి సేవ చేసినవారికి ఇది న్యాయమే. కొత్తగా చదువు ముగించినవారు మాత్రం పరుగు పందెంలో 20 అడుగులు వెనక నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

2017లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు సూరత్, భివండి నేత కార్మికులను సొంతగడ్డకు రప్పించాలన్నది ఒక ఆశయం. తండ్రి తిరిగి రావాలని కోరిన రాష్ట్రం కూతుర్ని స్థానికేతరురాలిగా లెక్కగట్టడంలోని వైరుధ్యం ఎవరి దృష్టికీ పెద్దగా వచ్చినట్టు లేదు.

కాగితం మీద 20 వేలు

ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల దుస్థితి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భారత శిక్షిత నర్సుల సంఘం వేసిన వ్యాజ్యంలో 2016 జనవరి 29న కోర్టు నిపుణుల కమిటీ వేయాలని ఆదేశించింది. 200కు పైగా మంచాలున్న ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతమివ్వాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. 100 నుంచి 200 మంచాలుంటే ప్రభుత్వ జీతం కన్నా 10 శాతానికి మించి, 50 నుంచి 100 ఉంటే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50లోపు మంచాలున్నచోట కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదు. కేంద్రం ఈ సిఫార్సులను రాష్ట్రాలకు పంపింది. నర్సులు రోడ్డెక్కి పోరాడిన కేరళలో 2018 ఏప్రిల్‌లో కనీస వేతనం 20,000 చేస్తూ ఉత్తర్వులొచ్చాయి. సంఘబలం లేనిచోట మాత్రం సిఫార్సు సిఫార్సుగానే మిగిలింది. అనుభవం లేదన్న ఒక్క మాటతో జీతం బేరం ముగిసిపోతుంది.

ఇక బాండు సంగతి. రెండేళ్లు మానేయనని రాయించుకోవడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం దేశమంతటా ఉన్న జబ్బే. ఈ పద్ధతి ఆపాలని నర్సింగ్ మండలి 2011లోనే చెప్పింది. ఒరిజినల్స్ లేకుంటే మరో పరీక్షలో సర్టిఫికెట్ల పరిశీలనకూ వెళ్లలేరు. ఉద్యోగం దొరికిందన్న ఆనందంలో వాటిని అప్పగించడమంటే రాబోయే ఉద్యోగాన్ని తాకట్టు పెట్టడమే.

దారి లేకపోలేదు

తొలి మెట్టు ఎక్కే దారులు బొత్తిగా లేవని కాదు. ముందు కౌన్సిల్ నమోదు. తెలంగాణలోనో, ఆంధ్రప్రదేశ్‌లోనో, కర్ణాటకలోనో చదివి సూరత్‌కు తిరిగొచ్చినవారు అక్కడి కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని గుజరాత్ నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. దీనికి సమయం పడుతుంది కాబట్టి ఫలితాలు వచ్చిన వెంటనే మొదలుపెట్టడం మేలు. ఉద్యోగం చూసుకున్నాక నమోదు సంగతి చూద్దామనుకుంటే చేతికొచ్చింది జారిపోతుంది.

తర్వాత ఆసుపత్రి ఎంపిక. వెయ్యో రెండు వేలో తక్కువైనా 50 మంచాలు దాటిన ఆసుపత్రిలో చేరడం లాభం. నియామక పత్రం, బ్యాంకులో పడే జీతం, పీఎఫ్ ఖాతా ఈ మూడూ ఉంటే రేపు అనుభవ ధ్రువపత్రాన్ని ఎవరూ శంకించలేరు. చేతికి నగదు ఇచ్చేచోట ఎన్నాళ్లు పనిచేసినా కాగితం మీద ఆ అమ్మాయి ఇంకా కొత్తదే. గుండె ఆగినవారికి ప్రథమ చికిత్స చేసే బీఎల్‌ఎస్ శిక్షణ, తాము ఇంటర్న్‌షిప్ చేసిన వార్డుల వివరాలు, గంటలతో సహా కాలేజీ నుంచి లిఖితపూర్వకంగా తెచ్చుకునే పత్రం ఇంటర్వ్యూలో చేతికి అందివస్తాయి. ఇంటర్న్‌షిప్ చేసిన ఆసుపత్రిలోనే ముందు అడగడం మరో తెలివైన పని. అక్కడి వార్డు సిస్టర్లు ఆ అమ్మాయి పని చూసే ఉంటారు. బీఎస్సీ వారైతే ఉద్యోగం చేస్తూనే నార్‌సెట్ రాయొచ్చు.

వ్యక్తిగత తెలివితేటలు కొంతవరకే. అసలు మార్పు నియామకాలు చేసేవారి దగ్గర రావాలి. 22 వారాల ఇంటర్న్‌షిప్‌ను అనుభవంగా పరిగణించడానికి కొత్త ఖర్చేమీ లేదు. పెద్ద ఆసుపత్రులు ఏటా కొందరు కొత్తవారిని చట్టబద్ధమైన జీతంతో తర్ఫీదు కింద తీసుకుంటే పక్కవారి నర్సు కోసం వేట తగ్గుతుంది. పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించి 1947 నాటి చట్టానికి వీడ్కోలు పలికింది. చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఉన్న ఈ అగాధం మీద దృష్టి పెట్టడానికి ఇదే అదను.

సూరత్ నగరపాలక సంస్థ చేయగలిగింది మరీ దగ్గర్లో ఉంది. తెలుగు బడులు నడిపేది అదే, స్మీమేర్‌ను, బస్తీల్లోని ఆరోగ్య కేంద్రాలను నడిపేదీ అదే. దగ్గుతూ వచ్చే ముసలి మగ్గం కార్మికుడికి, తొలి కాన్పు భయంతో వచ్చే కొత్త కోడలికి తమ బాధ చెప్పుకోవడానికి వచ్చిన భాష చాలాసార్లు తెలుగొక్కటే. నొప్పి ఎక్కడుందో సరిగ్గా అర్థం చేసుకోవడం వైద్యంలో సగం. గుజరాతీ, హిందీ, తెలుగు మూడూ తెలిసిన నర్సు ఆ వార్డుకు అదనపు అర్హతతో వచ్చినట్టు. దరఖాస్తులో అనుభవం గడి పక్కన రోగుల భాషకు కూడా ఒక గడి ఉంటే, లింబాయత్ అమ్మాయి సున్నాతో మొదలుపెట్టాల్సిన పని ఉండదు.