పంచాయతీ ఎన్నికలు - పొలముదారి

స్థానిక ఎన్నికలు సమీపించినంతనే మన గ్రామములలో రోడ్ల మాట వినబడని యిల్లుండదు. వార్డు సభ్యత్వమునకు నిలిచినవారు మొదలు జిల్లా పరిషత్తు అభ్యర్థి వరకు అందరును రోడ్డు వేయింతుమనియే చెప్పుదురు. అందరిదియు నొకే మాటయైనపుడు ఎవరి మాట యెంత బరువో తేల్చుట యెట్లు? కాటా వద్ద తరుగు పోకుండ ధాన్యమును తూయించుకొను మనకు ఈ తూనిక రాకపోదు.

మొదట తెలియవలసినది ఏ రోడ్డు ఎవరిదియను సంగతి. జాతీయ రహదారి కేంద్ర ప్రభుత్వమునది. రాష్ట్ర రహదారులును, పెద్ద జిల్లా రోడ్లును రోడ్లు భవనముల శాఖవారి యధీనములోనివి. ఊరినుండి ఊరికి పోవు రోడ్లలో పెక్కింటిని పంచాయతీరాజ్ ఇంజనీర్లు చూతురు. ఊరిలోని వీథులు, వాని ప్రక్క మురుగు కాలువలు గ్రామ పంచాయతీ పని. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినపుడు, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయముల పట్టిక యొకటి రాజ్యాంగమున చేరినది. రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, పడవరేవులు అందున్నవి. పట్టికలో నుండుట వేరు, పెట్టెలో సొమ్ముండుట వేరు! కాబట్టి సర్పంచి పదవికి నిలిచినవారు రాష్ట్ర రహదారిని వెడల్పు చేయింతుననినచో, పైవారికి అర్జీ పెట్టుదునని మాత్రమే అర్థము చేసికొనవలెను.

ఇక సొమ్ము. 15వ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంటులో నూటికి 60 వంతులు మంచినీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడినవి. మిగిలిన 40 వంతులే పంచాయతీ తన యవసరమును బట్టి ఖర్చు చేయదగినవి. అభ్యర్థి నడుగవలసిన ప్రశ్న యిది: ఆ కొంచెములో మీరు మొదట చేయించు పని యేది? నాలుగు వీథులకు సిమెంటు పోయింతుననువాని కంటె, వర్షాకాలమున తెగిపోవు ఒక్క తూమును పేరుపెట్టి చెప్పినవాడు ఆలోచించి వచ్చినవాడని మా యభిప్రాయము. నల్లరేగడి భూమిలో నీరు నిలిచిన చోట ఎంత కంకర పోసినను దిగిపోవును. ప్రక్క కాలువ త్రవ్వక రోడ్డు వేయుట గట్టు లేని మడికి నీరు పెట్టుట వంటిది.

అయితే రైతునకు అన్నిటికంటె ముఖ్యమైనది డొంక. కోస్తాలో కొన్ని తావుల దీనినే పుంతయందురు. ఊరి రోడ్డు బాగుగనే యున్నను, కళ్లమునుండి రోడ్డెక్కు వరకు దారి లేనిచో బస్తాలు మనుష్యుల నెత్తిపై రావలసినదే. కూలి పెరుగును, వాన పట్టిన ధాన్యము తేమ పేరిట ధర తగ్గును. పలుచోట్ల డొంక లేకపోలేదు. ఇరుప్రక్కల పొలములవారు ఏటేట ఒక్కొక్క చాలు కలుపుకొనగా పటములో బండిదారియైనది నేలపై కాలిబాటగా మిగిలినది. తహసీలుదారునకు వ్రాసి, సర్వేయరుచే కొలిపించి, హద్దురాళ్లు పాతించుటకు పెద్ద సొమ్మక్కర లేదు, ధైర్యము కావలెను. ఆక్రమించినవారికిని వోటున్నది, తరచుగా వారి చుట్టములకును. అందుచేతనే యీ విషయమున అభ్యర్థులు మెల్లగా మాట తప్పింతురు. గ్రామ సభలో నలుగురి యెదుట కొలిపింతునని చెప్పునదెవరు, చూతము లెండనునదెవరు, ఇదియే గమనింపుడు. ఆక్రమించినవారిలో మన సంఘ సభ్యులును ఉండవచ్చును. వారు నొచ్చుకొనినను ఈ మాట వ్రాయక తప్పదు.

బస్సు సంగతి కొంత వేరు. బస్సు నడుపునది ఆర్టీసీ. స్త్రీలకు ఉచిత ప్రయాణము తెలంగాణలో 2023 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులోను రాష్ట్ర ప్రభుత్వములు ప్రారంభించినవి. పంచాయతీకి పోటీచేయువారు అది తమ ఘనతయని చెప్పుకొనరాదు. డిపో మేనేజరునకు తీర్మానము పంపుట, బస్సు తిరుగుటకు చోటు చూపుట, దారికడ్డమైన కొమ్మలు కొట్టించుట వారు చేయగలరు.

ప్రధానమంత్రి గ్రామ సడకు యోజన 2000 డిసెంబరు 25న మొదలైనది. దానిక్రింద రోడ్డు వేసిన కంట్రాక్టరు 5 సంవత్సరములు మరమ్మతు చూడవలెను. మీ యూరి రోడ్డుకు ఆ గడువెప్పుడు తీరునో మండల, జిల్లా పరిషత్తుల అభ్యర్థుల నడుగుడు. తీరకమున్నే గుంతలు పూడ్పించుకొనుట లాభము.

మరియొక మాట. దమ్ముచక్రములతో ట్రాక్టరు తారురోడ్డుపై నడచినచో పై పొర చీలిపోవును. దీనిని అరికట్టెదనను అభ్యర్థిపై ట్రాక్టరు యజమానులు కోపింతురు. చక్రములను పొలముగట్టున విప్పి ట్రక్కులో వేసికొని వచ్చుటకు అరగంట పట్టును.