చిన్నచేతులకు నెమ్మది బంతి

వేసవి సెలవులు వచ్చాయంటే టెన్నిస్ క్యాంపుల హడావుడి మొదలవుతుంది. ఏడేళ్ల పిల్లాడికి కొత్త రాకెట్, బూట్లు, టోపీ కొనిస్తాం. వారం తిరక్కుండానే ‘నేను వెళ్లను’ అని మొరాయిస్తాడు. ఆటంటే ఆసక్తి లేదనుకుంటాం. చాలాసార్లు తేడా పిల్లాడిలో కాదు, బంతిలో ఉంటుంది.

పెద్దలు ఆడే పసుపు బంతి నేలకు తగిలి ఈ వయసు పిల్లల భుజం దాటి లేస్తుంది. 27 అంగుళాల రాకెట్‌తో దాన్ని కొట్టాలంటే మణికట్టు, మోచేయి, భుజం మీద భారం పడుతుంది. అంత కష్టపడినా నెట్ దాటదు. ఇక వరుసలో నిలబడటం, ఒకటి కొట్టడం, బంతులు ఏరుకోవడం... గంటలో సగం ఇలాగే పోతుంది!

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2007లో ‘ప్లే అండ్ స్టే’ ప్రచారం మొదలుపెట్టింది ఇందుకే. ఎర్ర బంతి మామూలు దానికన్నా సుమారు 75 శాతం, నారింజ రంగుది 50 శాతం, ఆకుపచ్చ చుక్క ఉన్నది 25 శాతం నెమ్మది. పదేళ్లలోపు వారి పోటీల్లో పసుపు బంతి వద్దని 2012 నుంచి నిబంధనే ఉంది. అయిదు నుంచి ఎనిమిదేళ్ల వారికి ఎర్ర బంతి, 11-12 మీటర్ల చిన్న కోర్టు, 80 సెంటీమీటర్ల నెట్ చాలు. పెద్దల కోర్టు పొడవు 23.77 మీటర్లు మరి! రాకెట్ కొనేటప్పుడు పిల్లల్ని నిటారుగా నిలబెట్టి, చేతిని కిందికి చాచి పట్టుకోమనండి. కొస నేలను తాకీ తాకనట్టుంటే సరైన సైజు.

మొదట సర్వీసు నేర్పాల్సిన పనిలేదు. నేర్పాల్సింది ర్యాలీ. ముందు రాకెట్ లేకుండా, ఎదుటివాళ్లు విసిరిన బంతిని ఒక్కసారి నేలకు తగలనిచ్చి పట్టుకోవాలి. చూపు, కాళ్లు కలిసి పనిచేయడం అక్కడే అలవాటవుతుంది. తర్వాత రాకెట్‌తో మెల్లగా అందించడం. కొట్టాక మళ్లీ మధ్యకు రావడం. ఇద్దరూ కలిసి ‘ఒకటి, రెండు, మూడు’ అని పైకి లెక్కపెట్టాలి. నిన్న నాలుగైతే ఇవాళ ఆరు. ఎదుటివాడు ప్రత్యర్థి కాదు, జోడీ. పక్కన నిలబడి ‘గట్టిగా కొట్టరా’ అని కేకలేసే నాన్నలు కాస్త ఓపిక పట్టాలి. గట్టిగా కొడితే ర్యాలీ తెగిపోతుంది.

అయిదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. వరుసలో నిలబడితే అది రాదు, ర్యాలీలో వస్తుంది. కోర్టే ఉండాలనేమీ లేదు. అపార్ట్‌మెంట్‌లో బండ్లు తిరగని చోట రెండు కుర్చీల మధ్య తాడు కట్టి, స్పాంజి బంతితో ఆడించొచ్చు. ఎండ ముదరక ముందే ముగించండి, మధ్యమధ్యలో నీళ్లు తాగించండి. చేతి నొప్పి రెండు మూడు రోజులైనా తగ్గకపోతే ఆట ఆపి డాక్టరుకు చూపించాలి.

క్యాంపులో చేర్చే ముందు ఫీజుతో పాటు ఏ రంగు బంతి వాడతారో కూడా అడగండి. వీలైతే ఓ గంట కూర్చుని, ఒక్కో పిల్లాడు ఎన్నిసార్లు బంతిని కొడుతున్నాడో లెక్కపెట్టండి.