గౌతమీ తీరమున యానాం

కాకినాడనుండి దక్షిణముగా సుమారు ముప్పది కిలోమీటర్లు పోయినచో, గౌతమినుండి కోరంగి పాయ విడిపోవు చోట యానాం కలదు. ఒడ్డున నిలిచి చూచువారి కది గోదావరి సీమలోని మరియొక ఊరే. మాట తెలుగు, నీరు గోదావరిది. పాలన మాత్రము సుమారు 870 కిలోమీటర్ల దూరమున నున్న పుదుచ్చేరిది.

1723లో ఫ్రెంచివారిచ్చట కోఠీ పెట్టిరి. 1929లో బ్రిటిషు ప్రభుత్వము శారదా చట్టముతో బాల్యవివాహములను నిషేధింపగా, ఆ చట్టము చెల్లని యీ యూరికి పెండ్లివారు బండ్లు కట్టుకొని వచ్చిరి. కల్యాణపురమను పేరట్లు కలిగినది. గర్వింపదగిన పేరు కాదు. 1954లో ఫ్రెంచి యధికారము తొలగెను. 1962 ఆగస్టు 16న విలీనము చట్టరీత్యా పూర్తియయ్యెను.

జిల్లా యంతయు నొక్క పురపాలక సంఘమే. పల్లె యని లెక్కకెక్కిన దేదియు లేదు. 2001లో ముప్పదియొక్క వేలకు పైబడిన జనసంఖ్య 2011లో 55,626 అయినది. చదరపు కిలోమీటరునకు మూడువేల మందికి పైగా నున్నారు. పరిపాలనాధికారి యొకడు, శాసనసభకు సభ్యు డొక్కడు, ఉన్నత న్యాయస్థానము మద్రాసుది. బాలయోగి వారధి దాటి ఎదుర్లంకలో అడుగుపెట్టినంతనే యివన్నియు మారిపోవును.

ఈ దూరము వరదనాడు తెలిసివచ్చును. 2022 జూలైలో ధవళేశ్వరమున మూడవ ప్రమాద హెచ్చరిక ప్రకటించినది ఆంధ్రప్రదేశ్ అధికారులు. యానాం వీధులలో నీరు నిలిచినపుడు పడవలు, అన్నపు పొట్లములు సమకూర్పవలసిన బాధ్యత పుదుచ్చేరి ప్రభుత్వముది.