బీనా, పీనా, వీనా?

విశాఖపట్నం ఊర్వశి జంక్షన్‌లో ఆటో ఎక్కి “ఎన్ఏడీ” అంటే చాలు, డ్రైవరు మారు మాట్లాడడు. నేవల్ ఆర్మమెంట్ డిపో అన్న పూర్తి పేరు అతనికి తెలియకపోయినా బండి కొత్తరోడ్డుకే పోతుంది. అదే మాట ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి చెప్పండి. ఒకసారి సరిగ్గానే పడుతుంది, ఇంకోసారి ‘ఏనాడు’ అని పడినా ఆశ్చర్యం లేదు.

మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేరు రెండు పనులు చేస్తుంది. విన్న ధ్వని దేనికి దగ్గరగా ఉందో చూస్తుంది, చుట్టూ ఉన్న మాటలను బట్టి అక్కడ ఏది రావచ్చో అంచనా కడుతుంది. “అన్నం తిని చెయ్యి” అనగానే ‘కడుక్కున్నా’ వస్తుందని మనమూ ఊహిస్తాం కదా, అలాగే. విడి అక్షరాలకు ఆ ఆసరా లేదు. పాన్ నంబరులో ‘బి’ పక్కన ‘డి’ ఉందో ‘పి’ ఉందో ఏ వ్యాకరణమూ చెప్పలేదు. ధ్వని ఒక్కటే దిక్కు.

ఆ ధ్వని సంగతి చూద్దాం. బి, సి, డి, ఇ, జి, పి, టి, వి ఎనిమిదింటికీ ‘ఈ’ అనే ఒకటే తోక. తేడా అంతా మొదటి రెప్పపాటులో ఉంటుంది. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని ‘పీత’ అనండి. గాలి పెద్దగా తగలదు. ఇంగ్లీషువాళ్లు ‘పీ’ అన్నప్పుడు మాత్రం గుప్పున తగులుతుంది. వాళ్ల గొంతులతో నేర్చిన సాఫ్ట్‌వేరుకు మన ‘పీ’ ‘బీ’లా వినిపించవచ్చు. ఇక బీహెచ్‌పీవీ గతి చెప్పేదేముంది! ఆ కంపెనీ 2013లో బీహెచ్ఈఎల్‌లో కలిసిపోయింది గానీ జనం నోట పేరు పోలేదు. అందుకే ఇంగ్లీషు అక్షరాలు చెప్పే ముందు సెట్టింగుల్లో భారతీయ ఇంగ్లీషు ఎంచుకోవాలి. అన్నట్టు, చివరి అక్షరాన్ని అమెరికా ఫ్యాషన్‌లో పలకబోతే మన నోట అది ‘జీ’ అయిపోతుంది. ‘జెడ్’ అనడమే క్షేమం.

ఫోన్ కాల్‌లో చెబితే ఇంకో చిక్కు. పాతతరం టెలిఫోను లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల వరకే ధ్వనిని మోసేది. ‘యస్’నీ ‘యఫ్’నీ వేరుచేసే బుస చాలావరకు అంతకు పైన ఉంటుంది. అందుకే మనవాళ్లు “బి ఫర్ బొంబాయి, డి ఫర్ ఢిల్లీ” అనడం మరిగారు. విమానాలవాళ్లు 1956లో ఖాయం చేసుకున్న ఆల్ఫా, బ్రావో, చార్లీ వరస కూడా ఈ ఇబ్బందిలోంచి పుట్టిందే. తూర్పు నౌకాదళ స్థావరమున్న ఊరికి అది కొత్తేం కాదు. ఒక్కటే జాగ్రత్త: మామూలు డిక్టేషన్‌లో “బి ఫర్ బొంబాయి” అంటే బొంబాయితో సహా మొత్తం రాసేస్తుంది. డ్రాగన్ వంటి సాఫ్ట్‌వేర్లలో స్పెల్లింగ్‌కు విడిగా ఆదేశం ఉంటుంది. ముందు అది ఇచ్చి, తర్వాత అక్షరాలు చెప్పాలి.

పొడి అక్షరాల పేర్లన్నీ ఒకే తీరుగా పలకం కూడా. విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ ‘వుడా’ను మాటలా పలికేవాళ్లం. 2018లో అది వీఎంఆర్‌డీఏ అయ్యాక అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాం. రోజూ వాడే ఇలాంటి పేర్లను పలికే రూపం ఒకటి, రాసే రూపం ఒకటిగా పదకోశంలో చేర్చుకునే వీలు డ్రాగన్‌లో ఉంది. నాకైతే స్పెల్లింగ్ తంటాలకన్నా ఇదే మేలనిపిస్తుంది. అదే 2018లో ఎక్కువగా ఇక్కడివాళ్లే నటించగా వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా పేరునే చూడండి. ఇంగ్లీషు పోస్టరు మీద సి, ఏటవాలు గీత, ఓ. నోట మాత్రం కేరాఫ్. ఆ పేరు అలా పడాలంటే పలికే గడిలో ‘కేరాఫ్’ అనీ, రాసే గడిలో ఆ గీతతో సహా మూడు గుర్తులూ పెట్టాలి.