దీపం పెంచితే పని పెరిగిందా?

“తాతయ్యా, నువ్వు అన్నిట్లోనూ సైన్స్ ఉందంటావు కదా, మా హెచ్.ఆర్. ఉద్యోగంలో ఏముంది?” అంది గుడివాడ మనవరాలు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి ఏడాదైంది. పండక్కి బందరు వచ్చింది.

ఉందమ్మా, చాలా ఉంది. ఇలా వచ్చి కూర్చో.

మన ఊళ్ళో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పెట్టింది 1926లో. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు తీసుకున్నారు. చీకట్లో చూడటానికి సైనికులు వాడే పరికరాలు వాళ్ళు తయారుచేస్తారు. ఆ కంపెనీ పుట్టిన రోజుల్లోనే అమెరికాలో చికాగో పక్కన హాథార్న్ అనే చోట, టెలిఫోను సామాను చేసే ఫ్యాక్టరీలో వెలుతురు మీదే ఓ ప్రయోగం నడుస్తోంది. దీపాల కాంతి పెంచితే పని పెరుగుతుందా అని 1924లో మొదలుపెట్టారు. పెంచారు, పని పెరిగింది. తగ్గించారు, అప్పుడూ పెరిగిందన్నారు! దీపం వల్ల కాదు, తమని ఎవరో పట్టించుకుంటున్నారన్న సంతోషం వల్ల పెరిగిందని దానికో అర్థం చెప్పారు. ఏళ్ళ తరబడి పుస్తకాల్లో అదే పాఠం.

పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో తెలియాలంటే ఉప్పొక్కటే మార్చి చూడాలి. అదే చేత్తో చింతపండు కూడా వేస్తే రుచి దేనివల్ల మారిందో మీ అమ్మమ్మ కూడా చెప్పలేదు. ఆ ఫ్యాక్టరీలో జరిగింది అదే. పోయాయనుకున్న పాత లెక్కలు దొరికితే ఇద్దరు ఆర్థికవేత్తలు మళ్ళీ తిరగేసి 2011లో అచ్చేశారు. దీపాలు మార్చింది ఆదివారాలట. సోమవారం పని ఎక్కువ కనపడితే దీపం మహిమ అనుకున్నారు. తీరా చూస్తే దీపం ముట్టుకోని వారాల్లోనూ సోమవారం పని ఎక్కువే! అంత పేరుమోసిన ప్రయోగాన్ని కూడా మళ్ళీ లెక్కవేసి చూశారే, అందుకే నాకు సైన్సంటే ప్రాణం.

కానీ అదే ఫ్యాక్టరీలో జరిగిన ఇంకో పని నాకు దీపాలకంటే ముఖ్యం. 1928 నుంచి రెండు మూడేళ్ళలో ఇరవై వేలమందికి పైగా పనివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించారు. మొదట ప్రశ్నల చిట్టా పట్టుకెళ్ళారు. అడిగింది ఒకటైతే వాళ్ళు చెప్పేది ఇంకోటి. చివరికి చిట్టా పక్కన పెట్టి, చెప్పింది వింటూ కూర్చున్నారు. ఒకామెకి తన పైవాడంటే అస్సలు గిట్టేది కాదు. మాట్లాడుతుంటే మాట్లాడుతుంటే, అతనిలో తన సవతి తండ్రి పోలికలున్నాయని ఆమెకే తట్టింది. ఏ హాజరు పట్టీలో దొరుకుతుందమ్మా ఈ సంగతి?

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం, అయిదొందల మంది ఉన్నచోట సంక్షేమాధికారి ఉండాలంది. అప్పటిదాకా పనివాళ్ళ ఆఫీసంటే చాలాచోట్ల హాజరు, జీతం, కోతలే. 1975లో లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ ఉదయ్ పారీక్, మన టి.వి. రావుగార్ల సలహాతో మానవ వనరుల అభివృద్ధికి విడిగా ఓ విభాగం పెట్టింది. 1985లో కేంద్రంలో విద్యాశాఖ పేరే మానవ వనరుల అభివృద్ధి శాఖ అయింది. దానికి తొలి మంత్రి మన పి.వి. నరసింహారావుగారు.

వనరు అన్న మాటే నాకు కొంచెం గుచ్చుకుంటుంది. కాలవ నీళ్ళు ఏ బోదెలోంచి పారినా నీళ్ళే. మనిషి అలా కాదుగా! దివిసీమలో నాట్లప్పుడు ముఠా మేస్త్రిని చూడు. ఎవరికి నడుం నొప్పి, ఎవరికి చంటిబిడ్డ, ఎవరెవరు పక్కపక్కన ఉంటే పని సాగదు, అన్నీ ఆమెకి తెలుసు. బిడ్డతల్లిని గట్టు దగ్గర నిలబెడుతుంది. ఎకరాల గుత్త చెడకుండా, మనిషి చెడకుండా చూసుకుంటుంది. నీ ఉద్యోగం పేరు ఆమె ఎప్పుడూ విని ఉండదు.

ఇప్పుడు దరఖాస్తులు ఏరేది కంప్యూటరేనన్నావు. అమెజాన్ వాళ్ళు అలాంటిదే ఒకటి తయారుచేశారు. పదేళ్ళ పాత దరఖాస్తులు చూసి అది నేర్చుకుంది. వాటిల్లో ఎక్కువ మగవాళ్ళవే. అందుకని దరఖాస్తులో ‘ఆడవాళ్ళ’ అన్న మాట కనపడితే చాలు, మార్కులు తగ్గించడం మొదలెట్టింది. చివరికి దాన్ని పక్కన పడేశారు. ఆ సంగతి 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. కిందటేటి విత్తనాల్లో తాలు ఉంటే ఈయేడు మడిలో మొలక ఎలా ఉంటుంది? యంత్రం తప్పు కాదది. మనం పోసిన గింజలు అవి. వాటిని ఎవరో ఒకరు చేటలో పోసి చూడాలి. ఆ చేట నీ చేతిలో ఉండాలమ్మా.

“ఉద్యోగం మానేసి వెళ్ళిపోతున్న ఒకబ్బాయితో సోమవారం మాట్లాడాలి తాతయ్యా. ఫారంలో పద్దెనిమిది ప్రశ్నలున్నాయి.”

మొదటిది అడిగి ఊరుకో. అతను ఆగినా నువ్వు తొందరపడి రెండోది ఎత్తకు. పద్దెనిమిదీ చివర్లో నింపుకోవచ్చు. ఏం చెప్పాడో నాకు చెప్పొద్దు, అది అతని సొంతం. ఎంతసేపు మాట్లాడాడో మాత్రం సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.