బండి తాళం ఇచ్చే ముందు – తల్లిదండ్రులతో కొన్ని మాటలు

ఇంటర్ పాసైన కొడుక్కు బండి కొనివ్వడం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ఇప్పుడు మామూలైపోయింది. కాలేజీ దూరం, ఊరికి వచ్చే బస్సులు తక్కువ. పత్తి అమ్మిన డబ్బుతోనో, ఫైనాన్సు మీదనో కొంటారు. పిల్లవాడు మాత్రం 100 సీసీ బండి చూడడు. 160, 200 సీసీ కావాలని పట్టుబడతాడు.

బండి కొనవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. బలమైన బండి, అలవాటు లేని చేతులు ఒకచోట చేరినప్పుడు ఇంటివాళ్లు ఏమి చేయగలరో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రమాదం ఎందుకు జరుగుతుంది?

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. 80లో అయితే 22 మీటర్లు. ఎదురుగా ఏముందో చూసి బ్రేకు నొక్కేలోపే ఆ సెకను గడిచిపోతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది.

మన రోడ్లు మీకు తెలిసినవే. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు, జనగామ మీదుగా పోయే 163వ జాతీయ రహదారిపై వేగంగా వెళ్లే బస్సులు ఉంటాయి. ప్రమాదాన్ని ముందే పసిగట్టి వెనక్కి తగ్గే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. వెనక స్నేహితులు కూర్చుంటే ఆ కాస్త నిగ్రహం కూడా సడలుతుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది.

చట్టం ఏమంటుంది?

16 ఏళ్లకు వచ్చే లైసెన్సు 50 సీసీ మించని, గేర్లు లేని బండికే చెల్లుతుంది. నేడు దొరికే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైనే. కాబట్టి "స్కూటీయే కదా" అనుకోకండి. దానికీ 18 నిండాలి. 2019 సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, రూ. 25,000 జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

ఇంట్లో పాటించవలసినవి

1. మొదటి బండి 100–125 సీసీ అయితే మేలు. ఇంట్లో పెద్ద బండే ఉంటే తాళం మీ దగ్గరే ఉంచుకోండి. వేగం తగ్గించే రెయిన్ లేదా ఎకో మోడ్ ఉంటే మొదట అందులోనే నడపనివ్వండి.

2. రోడ్డెక్కే ముందు ఖాళీ మైదానంలో బ్రేకులు సాధన చేయించండి. కొత్తవారు వెనక బ్రేకే నొక్కుతారు. బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకు. రెండూ కలిపి, మెల్లగా బిగించడం నేర్పండి. 125 సీసీ దాటిన బండి కొంటే ఏబీఎస్ ఉందో లేదో చూడండి. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోయి జారకుండా అది కాపాడుతుంది.

3. మొదటి ఆరు నెలలు పగలే నడపాలి. హైవే వద్దు, వెనక స్నేహితులు వద్దు. న్యూజిలాండ్‌లో 1987 నుంచి కొత్త డ్రైవర్లకు ఇలాగే మెట్లు మెట్లుగా అనుమతి ఇస్తున్నారు. ఆ తర్వాత అక్కడ యువకుల ప్రమాదాలు తగ్గాయి. మనం అదే నియమం ఇంట్లో పెట్టుకోవచ్చు.

4. ఐఎస్ఐ గుర్తు ఉన్న, ముఖమంతా కప్పే హెల్మెట్ కొనండి. లోపలి థర్మాకోల్ పొర నలిగి, దెబ్బ జోరును మెదడుకు చేరకుండా తగ్గిస్తుంది. పట్టీ పెట్టుకోకపోతే కిందపడేలోపే అది ఊడిపోతుంది. ఒకసారి పడిన హెల్మెట్ పైకి బాగున్నా మార్చేయండి. సరిగా పెట్టుకున్న హెల్మెట్ తల గాయాల ముప్పును సుమారు 69 శాతం తగ్గిస్తుంది.

5. బండి మీద ఉన్నప్పుడు ఫోన్ చేయకండి. మీ ఫోన్ ఎత్తబోయి కూడా పిల్లవాడు పడవచ్చు.

ప్రమాదం జరిగితే

వెంటనే 108కి ఫోన్ చేయండి. మెడ వంచకుండా, తలను కదలకుండా పట్టుకోండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి. నోట్లో నీళ్లు పోయకండి. సాయం చేసినవారిని చట్టం కాపాడుతుంది, భయం వద్దు. దెబ్బ తగిలినవాడు లేచి నడిచినా సరే, వాంతులు, మత్తు, తగ్గని తలనొప్పి, ఫిట్స్, చెవి నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం లేక నీరు కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. పడుకుంటే తగ్గుతుందని ఇంట్లో ఉంచకండి.

చివరిగా ఒక్క మాట. మీరు పొలానికి, అంగడికి పోయేటప్పుడు హెల్మెట్ ఎక్కడ ఉంటోంది? అది హ్యాండిల్‌కు వేలాడుతుంటే పిల్లవాడు అదే నేర్చుకుంటాడు. తలకు పెట్టుకుని పట్టీ బిగించుకోండి. తాళం ఇచ్చే ముందు అతనికి మీరు ఇవ్వగల మొదటి పాఠం అదే.