పాత దూలం, కొత్త సందూక

నల్లమల అంచున అచ్చంపేట చుట్టుపక్కల పల్లెల్లో మట్టి మిద్దెలు పోయి స్లాబు ఇళ్లు లేస్తున్న కొద్దీ దూలాలు, వాసాలు, దర్వాజాలు అమ్మకానికి వస్తాయి. ఆ టేకు చేవ వృథా కాదు. రంపం మిల్లుకు వెళ్లి మంచమో సందూకో అవుతుంది. అందులో తప్పేమీ లేదు. ఆ సందూకను తాతల కాలం నాటిదని చెప్పి అమ్మినప్పుడే చిక్కు. కర్ర వయసు వేరు, వస్తువు వయసు వేరు.

ఈ తేడా ముందువైపు నగిషీలో దొరకదు. వస్తువును తిరగేసి వెనుక పలకలు, అడుగుభాగం చూడాలి. ఏ కుసీ దిగని ఖాళీ బెజ్జం, అవసరం లేనిచోట మేకు రంధ్రం, వాటిని పూడ్చిన చెక్క ముక్క కనిపిస్తే ఆ కర్ర అంతకుముందు ఇంకెక్కడో బరువు మోసి ఉండొచ్చు. మిల్లులోని గుండ్రటి రంపం విల్లులా వంగిన గీతలు వదులుతుంది. చేతి రంపం గీతలు సూటిగా, ఎడం తప్పుతూ ఉంటాయి. చేత్తో చిత్రిక పట్టిన పలకను వేళ్లతో తడిమితే మెత్తని అలలు తగులుతాయి.

సొరుగు బయటికి లాగితే చాలా సంగతులు తెలుస్తాయి. ఉలితో కోసిన అతుకుల పళ్లు అన్నీ ఒకే కొలతలో ఉండవు. ఏళ్ల తరబడి లాగిన సొరుగు అడుగు అంచులు అరిగి ఉంటాయి. కుర్చీకైతే చేతులు, పాదాలు ఆనే అడ్డకర్ర ముందుగా నునుపెక్కుతాయి. అన్నిచోట్లా ఒకేలా అరుగుదల కనిపిస్తే అనుమానించాల్సిందే.

హెన్రీ ఫిలిప్స్ పేరుతో వచ్చిన స్టార్ స్క్రూ 1930ల నాటిది. 1900 నాటిదని చెప్పే బీరువాలో అది ఉంటే మరమ్మతు జరిగిందా, మొత్తం కథే అబద్ధమా అని తేల్చుకోవాలి. ఒక్క స్క్రూ చూసి తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం.

గుండ్రటి బల్లను టేపుతో రెండు దిక్కులా కొలిచి చూడాలి. కర్ర పొడవు వైపు కన్నా అడ్డంగా ఎక్కువ కుంచించుకుపోతుంది కాబట్టి పాత బల్ల కొద్దిగా కోలగా మారుతుంది. నకలు చేసేవారికి ఇది సులువుగా పట్టుబడదు.

సంస్థానం నుంచో గడీ నుంచో వచ్చిందనే మాటకు పాత ఫొటో, జాబితా, రశీదు వంటి ఆధారం కావాలి. కంటికి సాధన కావాలంటే 1951లో తెరిచిన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫర్నిచర్ గదుల్లో ఒక పూట గడపడం మేలు.

కొన్నాక పాలిష్ గీకించడానికి తొందరపడకూడదు. స్పిరిట్‌కు కరిగే పాత లక్క పాలిష్ కూడా సాక్ష్యమే. గీకేస్తే దాంతో పాటు ఏళ్లుగా ముదిరిన రంగూ పోతుంది.

విదేశాల్లోని పిల్లలకు పంపాలనుకునేవారు చట్టం కూడా చూసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాత్మక కర్ర వస్తువును సొంతంగా ఎగుమతి చేయడం నేరం. అంత పాతది కాదంటే, ఆ మేరకు భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి.